అరుపుల ఊరు

ఆ పార్కుకి రెండోసారి వచ్చినవాళ్లెవరైనా ఉన్నారంటే, మొదటిసారి గొడుగు మరిచిపోయి వెళ్లినవాళ్లే అయ్యుంటారు. ఉన్నమాట చెప్పుకోవడానికి మొహమాటం దేనికి? జెయింట్ వీల్ ఒకటి ఉండేది. అది ఎక్కి పైదాకా వెళ్తే కనిపించేది పక్కనున్న సిమెంటు గోడౌను కప్పు. పడవ ఊయల ఒకటి, అటు నాలుగు ఊపులు ఇటు నాలుగు ఊపులు ఊగి, ఇక నావల్ల కాదన్నట్టు ఆగిపోయేది. రంగులరాట్నంలో సగం గుర్రాలకి చెవులు లేవు. ఇక పార్కు చివర, ఒక మూలన, చిన్న కొలను చుట్టూ తిరిగే బొమ్మ రైలు. అంతే పార్కు.

బోర్డులు మాత్రం దండిగా ఉండేవి. పరుగెత్తరాదు. గడ్డి తొక్కరాదు. గుర్రాల మీద నిలబడరాదు. అరవరాదు. ఆ ఆఖరిదైతే రైలు ప్లాట్‌ఫారం మీద ఎటు తిరిగితే అటే కనిపించేది. పార్కు పెట్టిన పెద్దాయన పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషే, కానీ ఎవరికి ఏ దెబ్బ తగులుతుందోనని హడలి చచ్చేవాడు. ఆయన పోయాక ఆ హడలంతా బోర్డుల మీద మిగిలిపోయింది. పిల్లలు గేటులోంచి గెంతుతూ వచ్చి, బోర్డులన్నీ చదువుకుని, బుద్ధిగా చేతులు కట్టుకుని బయటికి వెళ్లేవారు.

రైలు దగ్గర జెండా ఊపే ఆవిడని అందరూ రైలమ్మ అనేవారు. ఆ పెద్దాయనకి పెద్దకోడలు. రైలు నడిపేది ఆవిడ భర్త. మనిషి బంగారం, కానీ ఒట్టి భయస్తుడు. వెనక పెట్టెలో పిల్ల తుమ్మితే బ్రేకు. పిల్లాడు లేచి నిలబడితే బ్రేకు. ఎవరైనా కెవ్వుమంటే, ఎందుకన్నారో తెలిసేలోపే ఆయన చెయ్యి బ్రేకు కడ్డీ మీద పడేది. ఇన్నేళ్లలో ఆ రైల్లో ఒక్క పిల్లకి గీరుకుపోవడం కూడా లేదంటే అది ఆ చెయ్యి పుణ్యమే. కాకపోతే ఇంట్లోనూ అదే తంతు. తమ్ముడు గొంతు కాస్త పెంచితే చాలు, ఈయన నోటికి బ్రేకు పడిపోయేది. దానికి రైలమ్మకి ఎంత ఒళ్లు మండేదో ఆవిడకే తెలుసు.

పార్కు అత్తగారి పేర ఉంది. పెత్తనం మాత్రం ఆ తమ్ముడిది, అంటే రైలమ్మ మరిదిది. బయటివాళ్లకి మేనేజరు గారు. చురుకైనవాడు, కష్టపడే మనిషి, కాదనలేం. కానీ ఒకటి అనుకున్నాడంటే ఎదుటివాళ్లు చెప్పేది వినిపించుకోవడం ఆయన జాతకంలో లేదు.

ఒక సాయంత్రం పార్కు మూసేశాక, ఇంట్లో భోజనాల బల్ల ఒక సగం తుడిపించి దాని మీద పెద్ద డ్రాయింగు పరిచాడు మేనేజరు. పక్కన ఒక డిజైనర్ అమ్మాయి. చేతినిండా రంగు పెన్సిళ్లు, మాటలో తొట్రుపాటు లేదు.

"రైడ్లు కొత్తవి కొనక్కర్లేదండీ," అంది ఆ అమ్మాయి. "అవి ఉన్న చోటు మారిపోతే చాలు. ఊయల అదే ఊయల. కానీ చుట్టూ మంచు కొండలుంటే అది మంచు సముద్రంలో పడవ. చక్రం చుట్టూ నక్షత్రాలుంటే అది రాకెట్టు. పిల్లలకి రైడ్ కాదు కావాల్సింది, వేరే లోకంలోకి వచ్చేశామన్న నమ్మకం."

రైలమ్మకి ఆ మాట నచ్చింది. నిజం చెప్పాలంటే మనసులో ఇన్నాళ్లూ నలుగుతున్నదాన్ని ఎవరో చేత్తో తీసి చూపించినట్టనిపించింది. డ్రాయింగు మీదికి వంగి చూసింది. పడవ ఊయల దగ్గర మంచు దేశం. జెయింట్ వీల్ దగ్గర అంతరిక్షం. రంగులరాట్నం దగ్గర డైనోసార్ల అడవి, చెవులు లేని గుర్రాల స్థానంలో తోకలున్న జంతువులు. కొలను మూలన ఒక పూల కమాను, దాని మీద "సెల్ఫీ తోట" అని రాసుంది.

"రైలేదీ?" అంది.

"దాన్ని పాత ఇనుము వాళ్లకి చెప్పేశాను వదినా," అన్నాడు మరిది, నీళ్లు అందుకుంటూ. "ప్రారంభం రోజు సాయంత్రం లారీ వస్తుంది."

"మీ అన్నయ్యని అడిగావా?"

"అన్నయ్యకేం అభ్యంతరం ఉంటుంది? ఏం అన్నయ్యా?"

అన్నయ్య కంచంలోకి చూశాడు. కంచంలో ఏమీ లేదు, అప్పటికే తినేశాడు. అయినా చూశాడు. "నీకెలా తోస్తే అలా కానీరా," అన్నాడు.

రైలమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. రైలు పోతే ఈ మనిషి ఏం చేస్తాడు? గేటు దగ్గర కుర్చీలో కూర్చుని వచ్చేపోయే బండ్లు చూసుకుంటూ ముసలాడైపోతాడు. తనని టికెట్ల కిటికీ వెనక కూర్చోబెడతారు. ఇద్దరికీ చేతిలో పని ఉండదు, ఇంట్లో మాట ముందే లేదు.

"నాకుంది అభ్యంతరం," అంది.

"నువ్వు ఊరుకోవే," అన్నారు అత్తగారు, అలవాటు కొద్దీ.

"ఊరుకోను అత్తయ్యా. వచ్చిన దగ్గర్నుంచీ ఊరుకుంటూనే ఉన్నాను. ఊరుకుని ఊరుకునే ఈ పార్కు ఇలా తగలడింది."

ఆ డిజైనర్ అమ్మాయి పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని ఆసక్తిగా తల తిప్పింది. "మీ మూలని మీకే ఇస్తే ఏ లోకం కడతారు ఆంటీ?"

రైలమ్మ అదేం ఆలోచించుకోలేదు. కానీ ఆ ఉదయమే చూసిన సంగతి కళ్ల ముందు మెదిలింది. ఒక బడి పిల్లలు వరసగా వచ్చారు. టీచరమ్మ పార్కంతా పెదాల మీద వేలు పెట్టుకునే నడిచింది. రైల్లో ఒక పిల్లాడికి కొలనులో పెద్ద కప్ప కనిపించింది. వాడి నోరు ఇంత తెరుచుకుంది, అరుపు పైకి రాబోతుంటే బోర్డు చూసి గుటుక్కున మింగేశాడు. ఆ మింగడం చూసి రైలమ్మకి ఏడుపొచ్చినంత పనైంది.

"అరుపుల ఊరు," అంది. "ఎవరు ఎంత గట్టిగా అరిస్తే అంత మర్యాద. ఇంట్లో అరవొద్దు, బళ్లో అరవొద్దు, బస్సులో అరవొద్దు. ఇక్కడికొచ్చి కూడా గొంతు విప్పకపోతే ఇంకెక్కడ విప్పుతారు పిల్లలు?"

మరిది పగలబడి నవ్వాడు. "బాగుంది వదినా! పక్క గోడౌను వాళ్లు పోలీసులకి ఫోన్ చేస్తారు."

"చెయ్యనీ. పోలీసులకి కూడా టికెట్ ఇద్దాం."

అత్తగారు ఫక్కుమన్నారు. అదే పట్టుకుంది రైలమ్మ. ఆ మూల తనకి వదిలెయ్యాలంది, ప్రారంభం రోజుకి సిద్ధం చేస్తానంది. వాదన చాలాసేపు సాగి, చివరికి మరిది చేతులు ఎత్తేశాడు. "సరే. ప్రారంభం రోజున ఒకసారి ఎక్కి దిగిన పిల్లలు, వాళ్లంతట వాళ్లు మళ్లీ వచ్చి ఎక్కాలి. అలాంటి పిల్లలతోనే ఒక్క ట్రిప్పు పూర్తిగా నిండాలి. నిండితే రైలు ఉంటుంది. లేదంటే లారీ. మళ్లీ నా దగ్గర ఏడవకూడదు."

"ఏడ్చేదాన్నయితే ఇప్పుడే ఏడ్చేదాన్ని," అంది రైలమ్మ. అత్తగారు కూడా సరేనన్నారు.

మర్నాడు షెడ్డులో రైలు చక్రాలకి గ్రీజు పెడుతూ భర్త గొణిగాడు. "ఎందుకే మనకీ గొడవ?"

"మీరు మాట్లాడలేదు కాబట్టి."

"వాడు చిన్నవాడు, తొందరమనిషి..."

"వాడు చిన్నవాడు, మీరు పెద్దవారు, నేను పరాయిదాన్ని. ఇలాగే అనుకుంటూ ఉండండి, లారీ వచ్చి మిమ్మల్ని కూడా తూకం వేసుకుని పోతుంది," అంది. ఆయన ఇంకో చక్రానికి గ్రీజు పెట్టుకున్నాడు. ఆవిడ మాత్రం సాయంత్రందాకా చల్లారలేదు.

పని మొదలైంది. మంచు దేశానికి లారీల్లో సామాను దిగింది, కొండలు, నురగ కక్కే యంత్రాలు, గుడ్డతో కుట్టిన ఎలుగుబంట్లు. రైలు మూలకి దిగింది ఏమిటంటే, అక్కడ వద్దనుకున్న చెత్త. రైలమ్మ చెత్తనంతా ఏరుకుంది. పనికిరాని పీవీసీ గొట్టాలని భర్త వంచి, కలిపి, కొలను చుట్టూ పాతాడు. ఒక చివర అరిస్తే ఇంకెక్కడో చెట్టు వెనక నుంచి ఆ అరుపు బయటపడుతుంది. షెడ్డు పాత రేకులతో పట్టాల మీద ఒక సొరంగం కట్టాడు. అందులో 'ఊ' అంటే పదిమంది 'ఊ' అన్నట్టు మోగేది. రంగులరాట్నం నుంచి పీకేసిన గుర్రాల ముక్కలకి తీగల వల చుట్టి, గోనెపట్టా అంటించి, సున్నం మెత్తి, కొలను అవతలి ఒడ్డున ఒక రాక్షసుణ్ణి పడుకోబెట్టారు. పిల్లలు అరిస్తే వాడు కళ్లు తెరవాలి. తెరిచేది పార్కు పెయింటరు, వెనక దాక్కుని తాడు లాగి.

డిజైనర్ అమ్మాయి మంచు దేశంలో తన పని అయ్యాక రోజూ వచ్చి చూసేది. వచ్చి ఊరికే పోయేది కాదు. "ఆంటీ, రైల్లోంచి ఆ సిమెంటు గోడౌను కనిపిస్తోంది. అది కనిపించినంతసేపూ ఇది ఊరు కాదు, గోడౌను పక్కన పార్కు," అంది ఒకసారి. రైలమ్మ పిల్లల సీట్లో ముడుచుకుని కూర్చుని చూస్తే, నిజమే, ఎటు తిరిగినా ఆ దిక్కుమాలిన కప్పే. దాంతో ఆ పక్కంతా ఎత్తుగా రేకులు నిలబెట్టించి, పెయింటరు చేత వంకరటింకర ఇళ్లు గీయించింది. ప్రతి ఇంటి కిటికీలోనూ నోరు తెరుచుకున్న ఒక మనిషి. అరవరాదు బోర్డులన్నీ పీకించి, తిరగేసి, వెనకవైపు "గట్టిగా! ఇంకా గట్టిగా!" అని రాయించింది. అవి పీకుతుంటే భర్త చుట్టూ తిరుగుతూ, "నాన్న రాయించినవే..." అన్నాడు. "మీ నాన్న ఉంటే ఈ పాటికి రైలెక్కి కూర్చునేవారు," అంది రైలమ్మ. అది నిజమో కాదో ఆవిడకీ తెలియదు, కానీ ఆయన వచ్చి బోర్డు రెండో కొస పట్టుకున్నాడు.

రైలుని పరీక్ష చేసి చూశారు. అక్కడి పద్ధతి ప్రకారం ఒక్కో సీట్లో పిల్లకి బదులు ఇసుక బస్తా పెట్టి తిప్పారు. రైలు ఊరంతా చుట్టి, సొరంగం దాటి, రాక్షసుడి దగ్గరికి వెళ్లి, ఒక్క కుదుపు లేకుండా తిరిగొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇసుక బస్తాలు అరవవన్న సంగతి ఒక్కరి బుర్రకీ తట్టలేదు.

ప్రారంభం రోజు వచ్చింది. బడుల బస్సులు గేటు బయట బారులు తీరాయి. ఏమాటకామాటే, మంచు దేశం చూడముచ్చటగా ఉంది. గాల్లో నురగ మంచులా రాలుతుంటే పెద్దవాళ్లు కూడా నోళ్లు వెళ్లబెట్టారు. అదే ఊయల, అదే కిర్రుమనే చప్పుడు. ఆ చప్పుడే ఇప్పుడు మంచు విరుగుతున్న చప్పుడైపోయింది. మరిది కొత్త కోటు వేసుకుని, ముఖ్య అతిథిని చెయ్యి పట్టుకుని తిప్పుతూ, తనే కాలర్ ఎగరేసుకున్నాడు. ఎగరేసుకోదగ్గ పనే చేశాడు మరి.

రైలు దగ్గరికి మొదట ఒకే ఒక్క బడి వచ్చింది, అదీ మంచు దేశంలో చోటు లేక. మరిది కూతురు కూడా ఆ బళ్లోనే చదువుతుంది. ముందు పళ్లు ఊడిన పిల్ల. "పెద్దమ్మా!" అని చెయ్యి ఊపి రెండో పెట్టెలో ఎక్కింది.

"వినండర్రా," అంది రైలమ్మ. "ఇది అరుపుల ఊరు. ఇక్కడ మెల్లగా మాట్లాడితే తప్పు. ఎదర ఒక రాక్షసుడు పడుకున్నాడు, మీరు అరిచి లేపాలి."

పిల్లలు నమ్మలేదు. టీచరు వైపు చూశారు. టీచరు తనకేం సంబంధం లేనట్టు పైకి చూసింది. రైలమ్మ పచ్చజెండా ఊపింది. రైలు కదిలింది. ఎవడో ఒక ధైర్యవంతుడు "ఓ!" అని అరిచాడు.

టక్కున బ్రేకు పడింది.

"ఎవరికి తగిలింది? ఎవరికి?" ఇంజనులోంచి ముఖం బయటపెట్టాడు భర్త, కంగారుగా.

"ఎవరికీ ఏమీ కాలేదు. పోనివ్వండి!"

రైలు కదిలింది. ఈసారి ముగ్గురు అరిచారు. మళ్లీ బ్రేకు. కదిలింది, అరిచారు, ఆగింది. ప్లాట్‌ఫారం చివరైనా దాటలేదు. రైలమ్మ ఇంజను దగ్గరికి పరుగెత్తింది.

"ఎందుకండీ ఆపుతున్నారు?"

"నేను ఆపడం లేదే," అన్నాడాయన, తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంటూ. "ఇదే ఆపుతోంది."

కొంప మునిగింది అనుకుంది రైలమ్మ. అరుపు వింటే ఆపడం ఆ చేతికి తిండి తినడం ఎంతో అంత. ఇన్నేళ్ల అలవాటుని ఒక్క పూటలో ఎవరు మాన్పిస్తారు? రాక్షసుడేమో అవతలి ఒడ్డున కళ్లు మూసుకుని పడున్నాడు, తాడు పట్టుకుని పెయింటరు చెమటలు కక్కుతున్నాడు. పిల్లలు రైలు పాడైందనుకుని గప్‌చుప్ అయిపోయారు. టీచరు వాచీ చూసుకుంది. ఇక లారీయే అనుకుంది రైలమ్మ.

చప్పుడు లేకపోవడంతో రైలు మెల్లగా కదిలింది. అప్పుడు రెండో పెట్టెలోంచి ఆ పళ్లూడిన పిల్ల, ఏదో అనుమానం వచ్చినట్టు తల ఒకవైపు వంచి, "ఆగు!" అని అరిచింది.

రైలు ఆగింది.

పిల్లలందరూ ఆ పిల్ల వైపు చూశారు. ఆ పిల్ల కాసేపాగి, పక్కనున్నవాళ్లకి వినపడేలా "పద" అంది. రైలు కదిలింది. "ఆగు!" అన్నారు నలుగురు. ఆగింది. "పద!" అన్నారు. కదిలింది. ఇక చూడాలి ఆ సంబరం! పుట్టిన దగ్గర్నుంచీ వాళ్లు ఆగమంటే ఆగినవాళ్లు లేరు. బస్సు ఆగదు, గంట ఆగదు, అమ్మ ఆగదు. ఇంత పెద్ద ఇనుప రైలు, అందులో ఒక పెద్దమనిషి, తమ మాటకి ఆగుతోంది!

రైలమ్మకి ఒక్క క్షణంలో అంతా వెలిగింది. మెట్టెక్కి గొంతు చించుకుంది. "అవునర్రా! ఈ ఊళ్లో రైలు పిల్లల మాటే వింటుంది! కానీ ఒక్కరంటే కుదరదు, పెట్టెలన్నీ కలిసి ఒక్క గొంతుతో అనాలి. అదీ ఇక్కడి రూలు!"

భర్త బిత్తరపోయాడు. "ఇదెప్పుడు పెట్టావే?"

"ఇప్పుడే. మీ చెయ్యి ఎలాగూ నా మాట వినదు. పిల్లల మాటైనా విననివ్వండి."

ఆయన ముఖంలో ముందు భయం, తర్వాత ఆశ్చర్యం, ఆ తర్వాత ఏదో చిన్నపిల్లాడి నవ్వు వరసగా వచ్చాయి. రైలు ఆగుతూ, సాగుతూ, పిల్లల్లో పిల్లలు తగవులాడుకుంటూ, "ఇక్కడ ఆపుదాం," "వద్దు, కప్ప దగ్గర ఆపుదాం" అని ఒప్పందాలు చేసుకుంటూ ముందుకెళ్లింది. సొరంగంలో ఆపుకుని చెవులు పగిలేలా అరిచారు. రాక్షసుడి ముందు ఆపుకుని వాడు కళ్లు తెరిచేదాకా వదల్లేదు. తిరిగొచ్చి దిగీ దిగగానే వరస చివరికి పరుగెత్తి మళ్లీ నిలబడ్డారు. ఆ కేకలకి మంచు దేశం నుంచి, అంతరిక్షం నుంచి బళ్లకి బళ్లు కదిలి వచ్చేశాయి.

మళ్లీ ఎక్కినవాళ్లతోనే రైలు నిండింది. ఒక్క సీటు ఖాళీ లేదు. రైలమ్మ కళ్లు తుడుచుకుంది, తిట్టుకుంటూనే తుడుచుకుంది.

సరిగ్గా అప్పుడే అవతల మైకు మోగింది. ముఖ్య అతిథి గారు మంచు కొండ ముందు నిలబడి ఉపన్యాసం అందుకున్నారు. "ఈ శుభ సందర్భంలో నేను..." అన్నారో లేదో, కొలను వైపు నుంచి గొట్టాల్లోంచి తోసుకొచ్చింది, "ఆగు!" ఆయన ఆగారు. గొంతు సవరించుకుని, "నేను చెప్పేదేమిటంటే..." అన్నారు. "ఆగు!" జనం కిసుక్కుమన్నారు. ముచ్చటగా మూడోసారి కూడా అదే జరిగేసరికి ముఖ్య అతిథి గారే నవ్వేసి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నవ్వనిదల్లా ఒక్క మేనేజరే. కోటు గుండీలు ఊడదీసుకుంటూ రైలు దగ్గరికి దూసుకొచ్చాడు. వెనకాలే అత్తగారు, ఆవిడ వెనక సగం జనం.

"వదినా! ఏంటీ గోల? ఆపించు!"

"నీ షరతు ప్రకారం మళ్లీ ఎక్కిన పిల్లలతో రైలు నిండింది. కావాలంటే వాళ్లనే అడుగు."

"షరతు రైడ్ గురించి. ఇది రైడ్ కాదు, సంత! పరువు తీశారు. లారీవాడు గేటు దగ్గరే ఉన్నాడు, ఇప్పుడే పిలుస్తున్నాను."

"పిలువు. ముందు నన్ను ఎక్కించుకుని తర్వాత రైలుని ఎక్కించుకోమను," అంది రైలమ్మ. "ఇచ్చిన మాట మీద నిలబడటం రాకపోతే కోటెందుకు?"

మరిది ఇక ఆవిడతో మాట్లాడలేదు. ఎప్పుడూ పనిచేసే దారి ఆయనకి తెలుసు. ఇంజను వైపు తిరిగాడు. "అన్నయ్యా, ఆపెయ్. పిల్లల్ని దింపెయ్."

ఆగుతూ సాగుతూ ఉన్న రైలు అప్పుడే ప్లాట్‌ఫారం నుంచి కదులుతోంది. భర్త చెయ్యి బ్రేకు కడ్డీ మీదికి వెళ్లడం రైలమ్మ చూసింది. ఆ చెయ్యి ఆవిడకి తెలుసు. ఒక్క అరుపుకి ఆగే చెయ్యి, తమ్ముడి గొంతుకైతే ఇంకా ముందే ఆగే చెయ్యి. తను అనాల్సినవన్నీ ఎప్పుడో అనేసింది, ఇక మిగిలింది ఆయన వంతు.

ఆయన కడ్డీ పట్టుకుని తమ్ముడి వైపు చూశాడు.

"ఒక్కడివే అంటే కుదరదురా," అన్నాడు.

"ఏంటీ?"

"ఇక్కడ రూలది. అందరూ కలిసి అనాలి." అని చెయ్యి కడ్డీ మీద నుంచి తీసేశాడు. రైలు సాగింది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన తమ్ముడికి కాదని చెప్పిన మొదటి మాట అది. రైలమ్మ పచ్చజెండా ఎత్తి ఊపింది.

మేనేజరు రైలు పక్కనే నడిచాడు. అది నడక వేగానికి మించి పోదు కాబట్టి నడవగలిగాడు. "అన్నయ్యా! నేను చెప్తున్నాను! ఆపు!" అన్నాడు. ఒక్క గొంతు. పిల్లలందరూ ఆయన్ని ఆసక్తిగా చూస్తున్నారు, ఇతనికి రూలు అర్థమైందా లేదా అన్నట్టు. ఆయన రెండో పెట్టె వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా పెదనాన్నకి. అందరూ కలిసి ఆగమనండి. చెప్పు, బంగారు తల్లి కదూ."

పళ్లూడిన పిల్ల తండ్రిని చూసింది. పాపం, నాన్నంటే ఇష్టమే దానికి. అయినా పెదాలు గట్టిగా బిగించి, తల అడ్డంగా ఊపింది. ఆ పిల్లని చూసి పక్క పిల్ల, వాళ్లని చూసి వెనక పెట్టె, అలా రైలు రైలంతా నోళ్లు బిగించుకుంది. పొద్దుటి నుంచి ఆ ఊరు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. చక్రాల చప్పుడు ఒక్కటే వినిపించింది. కోటు మనిషి ఆ చప్పుడు పక్కన, "ఆపండి, ఆపండర్రా" అనుకుంటూ, మెల్లగా, ఇంకా మెల్లగా నడిచాడు. జనమంతా చూస్తున్నారు. అత్తగారూ చూస్తున్నారు. సొరంగం దగ్గర పట్టాల పక్కన మనిషి నడిచే చోటు లేదు. అక్కడ ఆయనే ఆగిపోయాడు.

రైలు చీకట్లోకి వెళ్లింది. లోపల్నుంచి, రేకులు అదిరిపోయేలా, అన్ని గొంతులూ కలిసి ఒక్కసారే అరిచాయి, "పద!" వాటిలో ఒక మగగొంతు కూడా ఉంది. రైలమ్మ గుర్తుపట్టింది. ఆ గొంతు అంత పైకి లేవగలదని ఆవిడకి అప్పటిదాకా తెలియదు.

మరిది వెనక్కి తిరిగాడు. ఎవరేమంటారోనని అందరి ముఖాలూ వెతికాడు. అత్తగారు ఆయన్ని దాటుకుని ప్లాట్‌ఫారం మీదికి వచ్చి, వరసలో నిలబడ్డ పిల్లల వెనక తనూ నిలబడ్డారు. "ఆ లారీవాణ్ణి పంపించెయ్‌రా. పాపం, ఎండలో ఉన్నాడు," అన్నారు కొడుకుతో.

రైలమ్మ ముఖం తుడుచుకుంది. వరస గేటుదాకా పెరిగిపోయింది, తోసుకుంటున్నారు, పని బోలెడుంది. "ఒకరినొకరు తొయ్యకండర్రా, అందరికీ చోటుంది," అంది. "గొంతులు సిద్ధం చేసుకోండి. అత్తయ్యా, మీరు ముందు పెట్టెలో. మీరు కూడా అరవాలి, ఊరుకుంటే ఒప్పుకోను."